ఓడిన ఆట నేర్పే పాఠం

సృజనశక్తి పుట్టుకతో వచ్చే వరమని, శ్రమతో దానికి నిమిత్తం లేదని మన విద్యార్థి లోకంలో ఒక నమ్మకం బలంగా నాటుకొని ఉన్నది. కవిత రాసిన విద్యార్థి తన మొదటి ప్రతినే తుది ప్రతిగా భావిస్తాడు. బొమ్మ గీసిన విద్యార్థిని దానిని ఎవరైనా పరిశీలనగా చూస్తే చిన్నబుచ్చుకుంటుంది. పత్రికలకు పంపిన రచన తిరిగి వస్తే కొందరు తఖ్దీర్ అని సరిపెట్టుకుంటారు. మరికొందరు సిఫారసు లేకపోవడమే కారణమంటారు. ఎక్కడ లోపించిందో వెతికేవారు అరుదు. పత్రికా రచన, అనువాదం, చిత్రలేఖనం, నాటకం వంటి రంగాలలో జీవనోపాధిని ఆశించే యువతీయువకులకు ఈ ధోరణి ఎంతో చేటు. వెతికే అలవాటును చదరంగం నేర్పినంత స్పష్టంగా మరే ఆటా నేర్పదని మా అభిప్రాయం.

ఈ ఆట మన రెండు భాషల వారికీ పరాయిది కాదు. భారతదేశంలో చతురంగంగా పుట్టి, ఇరానుకు చేరి చత్రంగ్ అయి, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. ఆటకట్టుకు ఉర్దూలో మనం వాడే షహ్‌మాత్ అనే మాటే రూపు మార్చుకొని ఐరోపా భాషలలో స్థిరపడింది. తెలుగునాట అష్టావధానంలో కవి పద్యం చెబుతూనే చదరంగం ఆడే సంప్రదాయం ఉన్నది. కవిత్వానికీ చదరంగానికీ ఒకే వేదికపై పీట వేసిన జాతి మనది. కనుక ఒకదాని నుండి మరొకదానికి పాఠం తీసుకోవడంలో వింత ఏమీ లేదు.

చదరంగం పోటీలలో రెండు నియమాలున్నవి. ఎత్తు వేయదలచి ముట్టుకున్న పావును కదపవలసిందే. వేసిన ప్రతి ఎత్తునూ కాగితంపై రాసుకోవలసిందే. మొదటిది బాధ్యతను, రెండవది నిజాయితీని నేర్పుతుంది. ఆట ముగిసిన తరువాత ఓడినవాడు “నేను గెలవవలసినవాణ్ణే” అనుకోవచ్చు గాని, కాగితం ఒప్పుకోదు. ఏ ఎత్తు ఎప్పుడు వేశాడో అందులో ఉంటుంది. తాను రాసిన చిత్తుప్రతులను చించి పారవేసే రచయితకు ఇటువంటి సాక్షి ఉండదు. అందుచేత తన రచన ఎక్కడ దారి తప్పిందో అతనికి ఎన్నటికీ తెలియదు.

ఇంతకంటే గొప్ప ఆచారం మరొకటి ఉన్నది. ఆట ముగియగానే గెలిచినవాడూ ఓడినవాడూ అదే బల్ల వద్ద కూర్చొని, పావులను మళ్లీ పేర్చి, ఆటను మొదటి నుండి పరిశీలిస్తారు. ఇక్కడ ఈ ఎత్తు ఎందుకు వేశావని ఒకరినొకరు అడుగుతారు. ఇటువంటి పరిశీలనలో తరచుగా బయటపడే సత్యం ఒకటి ఉన్నది. ముప్పయ్యవ ఎత్తులో ఏనుగు పోయినా, అసలు పొరపాటు అక్కడ జరగదు. పన్నెండవ ఎత్తులో తొందరపడి ముందుకు జరిపిన బంటు దానికి మూలం కావచ్చు. బంటు వెనుకకు రాలేదు గనుక, అది విడిచిన గడి చివరి వరకూ బలహీనంగానే మిగిలిపోతుంది.

సృజనాత్మక వృత్తులలోనూ జరిగేది ఇదే. కథ ముగింపు తేలిపోయిందని పాఠకుడు అంటాడు. రచయిత ముగింపునే పదిసార్లు తిరగరాస్తాడు. కాని లోపం మొదటి పుటలోనే ఉండవచ్చు. ఆ పాత్రకు ఏమి కావాలో అక్కడ చెప్పి ఉండకపోతే చివర అది దక్కినా, దక్కకపోయినా పాఠకునికి పట్టదు. ఉర్దూ వ్యాసాన్ని తెలుగు చేసే అనువాదకుడు అయిదవ పేరాలో మాట కుదరక బాధపడతాడు. తొలి వాక్యంలో తాను ఎన్నుకున్న గ్రాంథిక ధోరణి అయిదవ పేరాలోని వాడుక మాటను రానివ్వడం లేదని గ్రహించడు. కనబడిన చోట కాక, పుట్టిన చోట లోపాన్ని పట్టుకోవడమే చదరంగం నేర్పే ప్రధాన పాఠం.

ఈ పాఠానికి మిఖాయిల్ బొత్వినిక్ జీవితం చక్కని ఉదాహరణ. ఆయన వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరు. 1948లో ప్రపంచ విజేత అయ్యాడు. 1957లో స్మిస్లోవ్ చేతిలో ఓడి, 1958లో తిరిగి గెలిచాడు. 1960లో తన సగం వయసు కూడా లేని తాల్ చేతిలో ఓడి, 1961లో మళ్లీ గెలిచాడు. తన ఆటలను నిర్దాక్షిణ్యంగా విమర్శించుకోవడం, ఆ విశ్లేషణను అచ్చువేయించి నలుగురి పరీక్షకు పెట్టడం ఆయన అనుసరించి, శిష్యులకు బోధించిన పద్ధతి. ఓటమి ఆయనకు అవమానం కాలేదు, పాఠ్యపుస్తకం అయింది.

మన సాహిత్యానికీ ఇది కొత్త కాదు. ఉర్దూ కవిత్వంలో ఉస్తాద్ చేత శాగిర్ద్ ఇస్లాహ్ పొందడం తరతరాల ఆచారం. మీర్జా గాలిబ్ తన శిష్యుడు హర్‌గోపాల్ తఫ్తా గజళ్లను ఉత్తరాల ద్వారా దిద్దేవాడు. శిష్యుడు హిందువా, ముస్లిమా అన్న ప్రశ్న అక్కడ లేదు; షేర్ నిలుస్తుందా లేదా అన్నదే ప్రశ్న. ఆ ఆచారం మన తరగతి గదులలో క్రమంగా అంతరించి, దాని స్థానంలో కరతాళధ్వనులు మాత్రమే మిగిలాయి.

అయితే పోలికను హద్దు మీరి సాగదీయరాదు. చదరంగంలో ఎదుట కూర్చున్నవాడు ప్రత్యర్థి. సాహిత్యంలో ఎదుట ఉన్నవాడు పాఠకుడు. అతనిని ఓడించడం రచయిత ధ్యేయం కారాదు. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ కాస్పరోవ్‌ను ఓడించినది మొదలు యంత్రాల బలం పెరుగుతూనే ఉన్నది. నేడు ఏది తప్పు ఎత్తో జేబులోని ఫోను క్షణంలో చెబుతుంది. కాని ఆ ఎత్తు వేసేటప్పుడు తాను ఏమి తలచాడో, ఏమి చూడలేకపోయాడో ఆడినవాడే చెప్పుకోవాలి. రచనలోనూ యంత్రం వాక్యాన్ని దిద్దవచ్చు గాని, రచయిత చూపును అతడే దిద్దుకోవాలి.

చదరంగం కాలహరణమని పెద్దలు ఆక్షేపించవచ్చు. వారి మాటలో సత్యం లేకపోలేదు. ప్రేమ్‌చంద్ 1924లో రాసిన షత్రంజ్ కథలో అవధ్ రాజ్యం పోతుండగా ఇద్దరు జాగీర్దార్లు ఆటలో మునిగి ఉంటారు. ఆ కథనే 1977లో సత్యజిత్ రాయ్ చిత్రంగా తీశాడు. వేసిన ఎత్తును మార్చుకోవడంపై మొదలైన తగవే కథలో ఆ మిత్రులను కత్తులు దూసేవరకూ తీసుకుపోతుంది. ఆట నుండి ఏమీ నేర్వనివారి గతి అది. మేము కోరేది ఆ వ్యసనాన్ని కాదు, ఆట వెంట రావలసిన ఆత్మపరీక్షను.

ఇక కళాశాల కమిటీ వారికి ఒక మనవి. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ బాల్యంలో నేర్చినది భారతీయ పద్ధతి చదరంగం. సర్ ఉమర్ హయాత్ ఖాన్ వెంట ఇంగ్లండు వెళ్లి 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ విజేతగా నిలిచాడు. కపాబ్లాంకా వంటి మాజీ ప్రపంచ విజేతను ఓడించాడు. పోషకుడు స్వదేశానికి మరలగానే ఆయన అంతర్జాతీయ క్రీడాజీవితమూ ముగిసింది. ఆయన 1966లో మరణించగా, గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో దక్కింది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తండ్రి అశోక్ శిక్షణలో పెరిగి, 2002లో 15 ఏళ్ల వయసుకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ప్రతిభ ఇద్దరిలోనూ ఉన్నది. పక్కన కూర్చొని ఏళ్ల తరబడి ఆటను దిద్దే మనిషి ఉండడం ఎంత భాగ్యమో ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మన విద్యార్థులలో అధికసంఖ్యాకుల ఇళ్లలో అట్టి మనిషి ఉండడు. ఆ లోటును తీర్చవలసినది కళాశాలయే. వారానికి ఒక గంట, ఒక గది, నాలుగు చదరంగం బల్లలు చాలు. గంటలో సగం ఆట. మిగిలిన సగం ఒక విద్యార్థి కవితనో, బొమ్మనో, అనువాదాన్నో బల్లపై పెట్టి, ఉర్దూ, తెలుగు శాఖల వారు కలిసి పరిశీలించాలి. వ్యక్తిని గూర్చి మాట వద్దు. ఎత్తును గూర్చి మాత్రమే మాట్లాడాలి. భవనాలకయ్యే వ్యయంతో పోలిస్తే దీనికయ్యేది స్వల్పం.

విద్యార్థి మిత్రులారా! తిరిగి వచ్చిన రచనను దాచిపెట్టకండి, చించకండి. దానిని బల్లపై పరచి, మొదటి ఎత్తు నుండి మళ్లీ చూడండి. మీ పక్కన మరొకరిని కూర్చోబెట్టుకోండి.