పని తగ్గింది.. దాణా కొలత మారలేదు

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. పని చేయకపోయినా తిండికి ముందుండేవాళ్లను వెక్కిరించడానికి పుట్టిన మాట. సరిహద్దు జిల్లాల్లో ఇప్పుడు గుర్రాల విషయంలోనే అది అక్షరాలా నిజమవుతోంది. కాకపోతే నవ్వుకునే సంగతి కాదు. ఆ దాణాయే వాటిని నిలువునా కూలుస్తోంది.

బళ్లారి లాంటి ఊళ్లలో ఒకప్పుడు స్టేషన్ బయట జట్కాలే దిక్కు. తెల్లారింది మొదలు రాత్రి బండి వచ్చేదాకా బరువు లాగే గుర్రానికి పూటపూటా ఉలవ గుగ్గిళ్లు పెట్టక తప్పేది కాదు. ఉలవలకు ఇంగ్లిషువాళ్లు గుర్రం పేరు కలిపి 'హార్స్ గ్రామ్' అన్నది ఊరికే కాదు. తర్వాత ఆటోలొచ్చాయి, జట్కాలు పోయాయి. హోసూరు నుంచి నాందేడ్ దాకా మిగిలిన గుర్రాలకు పెళ్లి ఊరేగింపులు, జాతరలు, పిల్లల్ని ఎక్కించుకుని నాలుగు చుట్లు తిరగడం.. ఇదే పని. ముహూర్తాలున్నప్పుడు నాలుగు రాత్రులు తిరుగుతాయి. ఆషాఢంలోనూ మూఢంలోనూ నెలల తరబడి కొట్టంలో నిలబడతాయి. దాణా మాత్రం తాతలనాటి కొలతే!

గిట్టలో జరిగేదేమిటి?

ఎక్కువ తింటే ఒళ్లు చేస్తుంది, అంతేగా అనుకుంటారు. గుర్రం సంగతి వేరు. దాని కడుపు చిన్నది, వాంతి చేసుకోలేదు. ఒక్కసారిగా గింజలు ఎక్కువ తింటే అరగని పిండిపదార్థం పెద్దపేగులోకి దిగి పులుస్తుంది. పేగులో పుట్టిన విషాలు రక్తంలో కలుస్తాయి. ఆ దెబ్బ తగిలేది కడుపుకు కాదు, కాలి గిట్టకు.

గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. సన్నటి పొరలు దాన్ని గిట్ట గోడకు పట్టి ఉంచుతాయి. ఆ పొరలు వాచి దెబ్బతినడాన్నే డాక్టర్లు లామినైటిస్ అంటారు. మనిషికి గోరుచుట్టు వస్తేనే రాత్రంతా నిద్ర ఉండదు. గుర్రం ఒంటి బరువంతా మోసేది ఆ గోళ్లే. గట్టి గోడ మధ్య వాపుకు చోటు ఉండదు. ముదిరితే ఎముక పట్టు తప్పి కిందికి తిరుగుతుంది. అంతదాకా వస్తే గుర్రం మళ్లీ మామూలుగా నడవడం కష్టం.

ఒక్క రాత్రిలో మూట విప్పుకుని తిన్న గుర్రానికే ఇది వస్తుందనుకోకూడదు. మెల్లగా కొవ్వు పట్టిన గుర్రాల్లో, ముఖ్యంగా పొట్టి జాతి తట్టువల్లో, రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. అది పెరిగితే చాలు, గిట్ట పొరలు దెబ్బతింటాయి. మెడ మీద కొవ్వు దిమ్మలా గట్టిపడితే 'ఏం పుష్టి!' అని మురిసిపోయేవాళ్లే ఎక్కువ. నిజానికి అది హెచ్చరిక.

పెట్టే చెయ్యి మంచిదే, కానీ..

గుర్రం కనిపిస్తే చాలు, బెల్లం ముక్క, బ్రెడ్డు, లడ్డు నోటికందించడం అందరికీ సరదా. పెళ్లి పందిట్లో మిగిలిన అన్నం, పులావు తట్టకెత్తి దాని ముందు పెడతారు. 'పాపం, తిననీ అప్పా' అంటారు. పుణ్యం అనుకుని చేసే పనే. ఒకసారి లామినైటిస్ వచ్చిన గుర్రానికి మాత్రం ఆ తీపి విషంతో సమానం.

అలాగని ఎండగట్టడం మందు కాదు. కొవ్వెక్కిన తట్టువను పస్తుపెడితే ఒంటి కొవ్వంతా రక్తంలోకి కరిగి ప్రాణం మీదికొస్తుంది. గాడిదకూ అంతే. తగ్గించాల్సింది గింజలు, తీపి. గడ్డి ఉండాల్సిందే. బరువు తగ్గాల్సిన గుర్రానికి ఒంటి బరువు వంద కిలోలకు కిలోన్నర చొప్పున ఎండుమేత లెక్క. 250 కిలోల తట్టువకు రోజుకు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. దాన్ని మూడు నాలుగు పూటలుగా పెట్టాలి. ఎండుగడ్డిని గంటసేపు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే అందులోని చక్కెర కొంత పోతుంది. మన ఎండలకు అంతకన్నా ఎక్కువసేపు నానిస్తే పులుస్తుంది. నానినప్పుడు ఖనిజ లవణాలూ పోతాయి కాబట్టి ఆ మిశ్రమం డాక్టరును అడిగి కలపాలి. పచ్చిగడ్డిలో ఎండ పొద్దెక్కేకొద్దీ చక్కెర పెరుగుతుంది. మేపాలంటే తెల్లవారుజామునే కొద్దిసేపు మేపి, ఎండ ముదరకముందే తోలుకురావాలి. ఏ మేత మార్చినా వారం పది రోజులు మెల్లమెల్లగా మార్చాలి.

గుర్రం ముందుకాళ్లు చాచి బరువు వెనక్కి వేసి నిలబడినా, మలుపు తిరగడానికి మొరాయించినా, గిట్ట వేడిగా తగిలినా అనుమానించాల్సిందే. 'నాలుగడుగులు నడిపిస్తే సర్దుకుంటుంది' అన్న మాట ఎంత పాతదో అంత ప్రమాదం. నడిపించకూడదు. గింజలు ఆపి, మెత్తటి ఇసుక మీద నిలబెట్టి, గిట్టలను ఐసు నీళ్లలో ఉంచి, అదే రోజు డాక్టరును పిలవాలి.

చెప్పేవాళ్లేరీ?

కుంటే గుర్రంతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు! దాంతో ఏ గుర్రం కాలూ బాగుపడదు. గుర్రం మీద బతికేవాడు దాన్ని కావాలని కుంటిని చేసుకోడు. తెలియకే చేస్తున్నాడు. కేసులు రాసేకన్నా ముందు చెప్పాలి.

చెప్పడానికి చోటు లేకపోలేదు. నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరకు, ఈరోడ్ జిల్లా అందియూరు గురునాథస్వామి ఉత్సవానికి గుర్రాలు దండిగా వస్తాయి. బీదర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. పశుసంవర్ధక శాఖలు సంతలో ఒక గుడారం వేసి, మెడ తడిమి, గిట్ట చూసి, మేత లెక్క కట్టి చెప్తే పోయేదేముంది? ఒక్క పేజీ కరపత్రం చాలు. అది రాష్ట్ర భాషతో పాటు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంటే సరిహద్దు ఊళ్లలో గుర్రాలు పెంచేవాళ్లకు నేరుగా అందుతుంది. నాడాలు కొట్టేవాళ్లకు ముందు నేర్పాలి. గిట్టను అందరికన్నా ముందు చేత్తో పట్టుకునేది వాళ్లే.

కాలు పడిపోయిన గుర్రాన్ని కొనేవాడుండడు, మేపే స్తోమత యజమానికుండదు. చివరికి ఊరి బయట చెత్తకుప్పల దగ్గర వదిలేస్తారు. దాన్ని నమ్ముకున్న ఇల్లూ వీధిన పడుతుంది. దాణా డబ్బాలో గింజలు సగానికి తగ్గిస్తే ఖర్చూ తగ్గుతుంది, కాళ్లూ నిలుస్తాయి. తాత కొలత తాత కాలపు చాకిరీకి సరిపోయింది. ఇప్పటి పనికి ఇప్పటి కొలత కావాలి.