వంటింటి చిన్న కత్తి: ధర, ఉక్కు, సాన

పొద్దుటి నుంచి రాత్రి దాకా చేతిలో ఆడే చిన్న కత్తిని కొనేటప్పుడు ఎక్కువమంది బ్లేడు మెరుపును, పిడి రంగును మాత్రమే చూస్తారు. ఈ రెండింటికీ కత్తి తెగే గుణంతో సంబంధమే లేదు. ఆ గుణం మొదట ఉక్కులో, ఆ తర్వాత బ్లేడు పలచదనంలో ఉంటుంది. కొన్న నెలకే మొద్దుబారే కత్తికి ఇంట్లోనే తిరిగి పదును పెట్టుకోగలగడం ఉక్కు, పలచదనాలకన్నా ముఖ్యం. సాన పట్టుకోగలిగిన ఇంట్లో చవక కత్తి కూడా మంచి కత్తే. సాన పట్టని ఇంట్లో ఎంత ఖరీదైన కత్తి అయినా త్వరలోనే వట్టి ఇనుప రేకుగా మిగులుతుంది.

ఈ మాట వర్ని, బోధన్, నిజామాబాద్ వాసులకు చెప్పడంలో ప్రత్యేకమైన ఔచిత్యం ఉంది. ఇదే నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు తయారైన ఉక్కు పర్షియా దాకా వెళ్లి, అక్కడి కత్తులకు ముడిసరుకైంది. లాంబ్టన్ నాయకత్వంలోని భూకొలతల సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820లో ఆ ఊరికి వెళ్లి, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడే ఉండి పని చేయించుకుంటున్న వ్యాపారిని చూశాడు. అతను రాసిన వివరణ అతని మరణానంతరం 1832లో అచ్చయింది. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి నుంచి కూడా ముడి ఇనుము తెచ్చి, మట్టి మూసల్లో పెట్టి, గంటల తరబడి కొలిమిలో కాచి తీసిన ఈ లోహాన్ని యూరోపియన్లు ‘ఊట్జ్’ అని పిలిచారు. అందులో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉండేది. ఇనుముకూ ఉక్కుకూ తేడా తెచ్చేది ఈ కొద్దిపాటి కర్బనమే. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి కార్ఖానా ఉక్కు చవకయ్యాక ఈ మూస ఉక్కుకు గిరాకీ పోయింది. అంతటి లోహవిద్య విలసిల్లిన గడ్డ మీద నేడు కత్తిని రంగు చూసి కొనడం బాధాకరం.

నేటి అంగడిలో దొరికే చిన్న కత్తులు ప్రధానంగా రెండు జాతులవి. మొదటిది కార్బన్ ఉక్కు, అంటే క్రోమియం కలపని లేదా నామమాత్రంగా కలిపిన ఉక్కు. రెండోది స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిపి తుప్పును అడ్డుకునేలా చేసిన ఉక్కు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ సుమారు 13 శాతం క్రోమియంతో పోతపోసిన ఉక్కే వంటింటి స్టెయిన్‌లెస్ కత్తులకు మూలం. అయితే స్టెయిన్‌లెస్ అన్న పేరున్న ప్రతి లోహమూ కత్తికి పనికిరాదు. గిన్నెలు, చెంబులు చేసే నికెల్ కలిసిన స్టీలును ఎంత కాచి నీళ్లలో ముంచినా గట్టిపడదు కనుక దానికి పదును నిలవదు. ఆ రకం స్టీలుకు అయస్కాంతం సాధారణంగా అంటుకోదు. కాబట్టి దుకాణంలో అయస్కాంతం అంటుకోని కత్తిని పక్కన పెట్టవచ్చు. అంటుకున్నంత మాత్రాన మంచిదని మాత్రం చెప్పలేము. బ్లేడు కొనను వేలితో కొద్దిగా వంచి వదిలినప్పుడు అది తిరిగి తిన్నగా నిలవాలి. వంగినది వంగినట్టే ఉండిపోతే ఆ కత్తికి గట్టిదనం రాలేదన్న మాట.

కార్బన్ ఉక్కు కత్తి ఈ ప్రాంతంలో ఇప్పటికీ కమ్మరి కొలిమిలోనే పుడుతుంది. పాత లారీల కమాను పట్టీలు అందుకు వాడే ముడిసరుకుల్లో ముఖ్యమైనవి. బరువుకు వంగి మళ్లీ తిన్నబడేందుకు తయారైన ఆ పట్టీల్లో అర శాతానికి పైగా కర్బనం ఉండడం వల్ల అవి కత్తికి చక్కగా సరిపోతాయి. ఎర్రగా కాగిన బ్లేడును నీళ్లలోనో నూనెలోనో ముంచితే గట్టిపడుతుంది గానీ పెళుసవుతుంది. అందుకే దాన్ని మళ్లీ మెల్లగా వెచ్చచేసి ఆ పెళుసుదనాన్ని తగ్గిస్తారు. ఈ రెండు పనులూ తెలిసిన కమ్మరి చేసిన కత్తికి పదునులో ఏ కంపెనీ కత్తి అయినా సాటి రావడం కష్టం. అయితే ఒక లోపం ఉంది. 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ చక్కెర కర్మాగారం నిజాం షుగర్స్ కాలమంతా ఇది చెరకు సీమ. అందుకే చెరకు కత్తికీ కొడవలికీ అలవాటుపడిన కమ్మరి చేయి వంటింటి కత్తిని కూడా మందంగానే సాగదీస్తుంది. మందమైన బ్లేడు పచ్చి మామిడికాయను కోయదు, చీలుస్తుంది. అందువల్ల కమ్మరి దగ్గర కొనేవారు వీపు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరుకు మించకుండా పలచగా చేసిపెట్టమని అడగాలి. చింతపండు, నిమ్మకాయ, మామిడికాయల పులుపు తగిలితే ఈ ఉక్కు నల్లబడుతుంది, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. నలుపు వల్ల హాని లేదు. వాడిన వెంటనే కడిగి, తుడిచి ఆరబెడితే తుప్పు దగ్గరికి రాదు; ఆ ఓపిక లేని ఇంటికి స్టెయిన్‌లెస్ కత్తే మేలు.

కొలత విషయంలో పాత అలవాటును గుర్తు పెట్టుకోవాలి. నేల మీద కూర్చుని ఈలపీట మీద (కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద క్యాంపుల్లో స్థిరపడిన వారి మాటలో కత్తిపీట మీద) రెండు చేతులతో కూరగాయను కదిపి కోసిన రోజుల్లో చిన్న కత్తి అవసరం తక్కువ. వంట గట్టు మీదికి చేరి, నిలబడి వండడం మొదలయ్యాక ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, టమాట కోయడమంతా చిన్న కత్తి పనే అయింది. ఈ పనులకు మూడు నుంచి నాలుగు అంగుళాల బ్లేడు చాలు. రంపపు పళ్లున్న కత్తి టమాటకు మొదట్లో బాగా తెగినా, దానికి ఇంట్లో మామూలు సానరాయి మీద సాన పట్టడం కష్టం కనుక తిన్నని వాదర, అంటే పళ్లు లేని అంచు ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

ఇక సాన. ఒక వైపు గరుకుగా, మరో వైపు నునుపుగా ఉండే సానరాయి ఇనుప సామాను దుకాణాల్లో దొరుకుతుంది. రాయిని తడిపి, రెండు సెంటీమీటర్ల వెడల్పున్న బ్లేడు వీపును రాయి నుంచి సుమారు ఆరు మిల్లీమీటర్లు ఎత్తి పట్టుకుంటే వాలు పదిహేడు డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. వంటింటి కత్తికి అది సరైన వాలు. ఆ ఎత్తు మారకుండా ఒక వైపు రుద్దుతూ పోతే, కాసేపటికి రెండో వైపు అంచున సన్నని గరుకు వేలికి తగులుతుంది. లోహం వాదర దాకా అరిగిందనడానికి అదే గుర్తు. అప్పుడు కత్తిని తిప్పి రెండో వైపు కూడా అలాగే రుద్ది, చివర నునుపు వైపున తేలికగా నాలుగైదు సార్లు లాగితే ఆ గరుకు రాలిపోతుంది. వాదరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే మొద్దు భాగం తెల్లని గీతలా మెరుస్తుంది. పదునైన భాగం కనపడదు. వీధిలో సైకిలు చక్రం మీద సాన పట్టించేటప్పుడు కత్తిని తరచూ నీళ్లలో ముంచమని అడగడం మరవరాదు. పలచని అంచు నీలం రంగుకు తిరిగిందంటే వేడి సుమారు మూడు వందల డిగ్రీలకు చేరి, ఉక్కు గట్టిదనం అక్కడ తగ్గిపోయిందని అర్థం. గ్రానైటు గట్టు మీద, స్టీలు పళ్లెంలో కోసేవారి కత్తికి ఏ సానా నిలవదు. చెక్క పలక తప్పనిసరి.

మొద్దు కత్తిని బలంగా నొక్కవలసి వస్తుంది, నొక్కిన కత్తి జారి వేలి మీదికి వస్తుంది. కనుక పదును పెట్టుకోవడం పొదుపుకే కాదు, క్షేమానికి కూడా. ఎనిమిది వందల రూపాయల కత్తి ఒక్కటి కొనే బదులు, కమ్మరి చేసిన పలచని కత్తినో వంద రూపాయల సాదా స్టెయిన్‌లెస్ కత్తినో తీసుకుని, మిగిలిన డబ్బుతో సానరాయినీ చెక్క పలకనూ కొనుక్కోవడమే సరైన ఎంపిక. వర్ని, బోధన్ దుకాణదారులు కత్తుల పక్కనే సానరాళ్లను కూడా అమ్మకానికి పెట్టాలి.