జవానుకు ఉత్తరం, జవాను ఓటు

2023 డిసెంబరు 18వ తేదీన తపాలా బిల్లును లోక్‌సభ ఆమోదించినది. సభలో గందరగోళం చెలరేగి, ముప్పై మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు సస్పెండయిన రోజది. 1898 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఈ శాసనంలోని 9వ సెక్షన్, దేశభద్రత మొదలైన కారణాలపై ఉత్తరాలను మార్గమధ్యంలో ఆపి చూచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తున్నది. అంతకు పక్షం రోజుల ముందు రాజ్యసభలో ప్రతిపక్షం ప్రధానంగా పట్టుకున్నది దీనినే. పౌరులకు ఇది ఆందోళన కలిగించే విషయమే. కాని తన ఉత్తరాన్ని పరాయివాడు చదువుతాడని ఎరిగి కూడా రాయక తప్పని వర్గం ఒకటి ఈ దేశంలో శతాబ్దానికి పైగా ఉన్నది. అది సైనిక వర్గం.

1914లో ఫ్రాన్సుకు తరలిన భారతీయ సైనికుల ఉత్తరాలను ఆంగ్లేయ అధికారులు తెరచి, అనువదించి, సారాంశాలు తయారు చేసేవారు. ఆ సారాంశాలు నేటికీ లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నవి. సిపాయిలు అమాయకులు కారు. భారతీయ సైనికులను నల్ల మిరియాలుగాను, తెల్లవారిని ఎర్ర మిరియాలుగాను పేర్కొంటూ, ఏవి తరిగిపోతున్నవో ఇంటికి రాసేవారు. సెన్సారు అధికారులకు ఈ వంటింటి భాష త్వరలోనే బోధపడినది. 2020 జులైలో సైన్యం తన సిబ్బందిని ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తొలగించమని ఆదేశించినపుడు, పరికరం మారినదే గాని శంక మారలేదని తోచక మానదు. శత్రువు చెవి ఎక్కడ ఉన్నదో తెలియనపుడు సైన్యానికి వేరే దారి లేదనడం కూడా నిజమే.

సైనిక తపాలా వ్యవస్థ మాత్రం మెచ్చుకోదగినది. 1856లో పర్షియా దండయాత్ర వెంట బయలుదేరిన క్షేత్ర తపాలా కార్యాలయం దీనికి మూలం. 1972 మార్చి 1న ఇది ఆర్మీ పోస్టల్ సర్వీస్ కోర్ అనే ప్రత్యేక దళమైనది. ఇందులో అధిక సంఖ్యాకులు తపాలా శాఖ నుంచి డెప్యుటేషన్‌పై వచ్చినవారే. నిన్నటి దాకా ఊరి పోస్టాఫీసులో మనియార్డర్లు రాసిన గుమాస్తా యూనిఫారం తొడిగి సరిహద్దుకు వెడతాడు. జవాను చిరునామాలో ఊరు పేరు ఉండదు. నంబరు, హోదా, పేరు, యూనిట్, ఆపైన 56 ఏపీఓ లేక 99 ఏపీఓ. మొదటిదానికి ఢిల్లీ, రెండవదానికి కలకత్తా కేంద్రాలు. ఆ యూనిట్ నేడు ఎక్కడ ఉన్నదో ఆ కేంద్రాలకు తెలుస్తుంది, ఉత్తరం రాసిన తల్లికి తెలియదు. తరతరాలుగా సైన్యానికి మనుషులను ఇస్తున్న పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం వంటి ఊళ్లకు ఈ అంకెలు చిరపరిచితాలు. ఆవకాయ పంపాలనుకునే తల్లులకు మాత్రం నూనె కారకుండా పార్సెల్ కట్టడం ఒక పరీక్షే.

సముద్రం దాటినా ఈ ఏర్పాటు వెంట నడిచినది. 1953లో కొరియాలో యుద్ధ ఖైదీల సంరక్షణకు వెళ్లిన మన దళం కోసం భారత తపాలా బిళ్లలపై నాగరి లిపిలో ప్రత్యేక ముద్ర వేశారు. 1954లో ఇండోచైనా కమిషన్ల సిబ్బందికీ, 1962లో కాంగో దళానికీ బిళ్లలపై ప్రత్యేక ముద్రలు వేశారు. 1965లో నెహ్రూ బొమ్మ గల బిళ్లపై ఐక్యరాజ్యసమితి అత్యవసర దళం సంకేతాక్షరాలు ముద్రించి గాజాకు పంపారు. రెండేండ్ల తరువాత, 1967 జూన్ యుద్ధంలో అక్కడి మన సైనికులు కొందరు మరణించారు. 1987 నుంచి 1990 మార్చి వరకు శ్రీలంకలో ఉన్న శాంతి దళంలో మృతులు వేయి దాటారు.

తంతి కూడా జవానుకు ఆప్తమే. తల్లికి జబ్బు అన్న టెలిగ్రాము సెలవు దరఖాస్తుకు సాక్ష్యంగా చెల్లేది. 2013 జులైలో ఆ సేవ ముగిసినది.

వీటన్నిటి కన్న పార్లమెంటుకు నేరుగా సంబంధించిన కవరు ఒకటి ఉన్నది. అది బ్యాలెటు. నామినేషన్ల ఉపసంహరణ ముగిసిన తరువాతనే బ్యాలెటు ముద్రణ. అది తపాలాలో విదేశానికి చేరి, గుర్తు వేయబడి, లెక్కింపు ఆరంభమయ్యే గడియకు ముందే తిరిగి రావాలి. అనేకుల ఓటు దారిలోనే కాలం చేసేది. 2016 అక్టోబరులో నిబంధనలు సవరించి బ్యాలెటును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపనారంభించారు. 2019లో సుమారు 18 లక్షల సర్వీసు ఓటర్లలో నూటికి 60 మంది బ్యాలెట్లు తిరిగి చేరినవి. ఇది ఘనమైన సంస్కరణే, కాని సగం సంస్కరణ. వెళ్లేది విద్యుద్వేగంతో, వచ్చేది మాత్రం తపాలా సంచిలోనే.

2024 తేదీలు చూడండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29న ముగిసినది. జూన్ 4 లెక్కింపుకు 36 రోజుల వ్యవధి. చివరి విడతలో పోలింగు జరిగిన పంజాబు, హిమాచల్ ప్రదేశ్‌లకు ఆ గడువు మే 17. అనగా 18 రోజులే. సైన్యానికి విరివిగా జవాన్లను ఇచ్చే ఈ రాష్ట్రాలవారు దక్షిణ సూడాన్‌లోనో లెబనాన్‌లోనో ఉంటే, మన జవానుకు లభించిన వ్యవధిలో సగమే వారికి దక్కినది. విడతల క్రమం నిర్ణయించేటపుడు భద్రతా బలగాల తరలింపు లెక్కలోకి వస్తుంది. ఆ బలగాలవారి ఓటు తరలింపు కూడా రావలసి ఉన్నది.

ప్రవాస భారతీయులకు సైతం ఈ పద్ధతిని వర్తింపజేయవచ్చునని ఎన్నికల సంఘం 2020 చివరలో కేంద్రానికి సూచించినది. వారిలో తెలుగువారు తక్కువేమీ కారు. అయితే గుర్తు వేసిన కవరును గడువులోగా స్వదేశానికి చేర్చే బాధ్యత ఎవరిదో ముందు తేల్చాలి. డల్లాసులోని ఇంజనీరుకు 56 ఏపీఓ లేదు.