తీరిక వేళ: ఐదు నల్లమెట్లు

మీకు ఇష్టమైన పాట ఏదని అడిగితే జవాబు చెప్పడానికి ఎవరికీ క్షణం పట్టదు. అది ఎందుకు ఇష్టమని అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. కొందరు సాహిత్యమంటారు, కొందరు గాత్రమంటారు, మరికొందరు ఆ పాటను మొదటిసారి విన్న రోజులను తలచుకొని ఊరుకుంటారు. ఈ మాసం మాకు ప్రీతిపాత్రమైన నాలుగైదు పాటలను ముందుంచుకొని, వాటి అందానికి మూలం ఎక్కడ ఉన్నదో పాఠక మిత్రులతో కలిసి విచారించదలచాము. మేము సంగీత విద్వాంసులము కాము. పగలంతా ఫైళ్లతో గడిపి, సాయంత్రం నాలుగు పాటలు విని సేదదీరే కోవకు చెందినవారమే. అయితే వినికిడి జ్ఞానమన్నది ఒకటి ఉన్నది కదా! దాని అండతోనే ఈ సాహసం.

ముందుగా 'మాయాబజార్' పడవ పాట. 1957లో విడుదలైన ఆ చిత్రానికి పాటలు రాసినవారు పింగళి నాగేంద్రరావు. ఈ యుగళగీతాన్ని ఘంటసాల, పి.లీల పాడారు. వెన్నెల రాత్రి, నీటి మీద పడవ, అందులో శశిరేఖాభిమన్యులు. వారితో ఆగక రుక్మిణీకృష్ణులు, రేవతీబలరాములు కూడా అదే పాటలో విహరిస్తారు. పడుచు జంటకు, పెద్దవారికి కూడా ఒకే వరస అమరడం అంత తేలికైన విషయం కాదు. మూడు తరాల శ్రోతలు ఈ పాటను కూనిరాగం తీశారు. సంగీతం నేర్వనివారు సైతం శ్రుతి తప్పకుండా పాడగలుగుతున్నారు. దీని రహస్యమేమిటి?

ఈ పాటకు ఆధారం మోహన రాగం. సప్తస్వరాలలో మధ్యమాన్ని, నిషాదాన్ని విడిచిపెట్టి, మిగిలిన అయిదింటితోనే సంసారం నడుపుకొనే రాగమిది. ఆ రెండింటినీ విడిచిపెట్టడం వల్ల ఒక మేలు జరిగింది. పక్కపక్కనున్న ఏ రెండు స్వరాల మధ్యనూ అర్ధస్వరం దూరం మిగలలేదు. అన్నిటి నడుమా విశాలమైన ఎడం ఉన్నది. ఇరుకు లేని ఇంట్లో మనుషులు ఒరుసుకోనట్లే ఈ స్వరాలు ఒకదానినొకటి ఒరుసుకోవు. అందువల్లనే ఆ పాట వింటున్నంతసేపూ ఆరుబయట కూర్చున్నట్లు ఉంటుంది. పొదుపు ఉత్తర్వు వస్తే మన కార్యాలయాలలో ముఖాలు చిన్నబోతాయి గాని, మోహన రాగం రెండు స్వరాలు పొదుపు చేసి శోభించింది!

పొదుపు మాట వచ్చింది గనుక 'మల్లీశ్వరి'ని తలచుకోవాలి. 1951లో వచ్చిన ఈ బి.ఎన్.రెడ్డి చిత్రంతోనే దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు పాటలు రాయడం ఆరంభించారు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. గాత్రం ఘంటసాల, భానుమతి. భావకవిగా ప్రసిద్ధుడైన కృష్ణశాస్త్రి ఆ పాటలలో వాడిన మాటలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నిఘంటువు తెరవవలసిన అవసరం దాదాపు ఎక్కడా రాదు. మల్లెలు, వెన్నెల, మబ్బులు, బావ అన్న పిలుపు - ఇంటి ముంగిట దొరికే సరుకుతోనే ఆయన పని సాగించారు. భానుమతి కూడా గొంతు ఎంత ఉన్నదో చూపించడానికి పాడలేదు. ఆ పిల్ల మనసులో ఎంత ఉన్నదో అంతే పాడారు.

ఆ కాలపు పాటలకు మరొక కట్టడి కూడా ఉండేది. నాటి గ్రామఫోన్ రికార్డు నిమిషానికి 78 సార్లు తిరిగేది. పది అంగుళాల రికార్డులో ఒక్కొక్క వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పాట పట్టేది కాదు. ఆ కొద్దిపాటి వ్యవధిలోనే పల్లవి, చరణాలు, నడుమ వాద్యాలు, ముగింపు - అన్నీ ఇమడవలసి ఉండేది. కనుక అనవసరమైన మాటకు, అక్కరలేని సంగతికి తావుండేది కాదు. చిన్న క్వార్టరులో పొందికగా కాపురం చేసే ఇల్లాలికి ఈ విద్య బాగా తెలుసును.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. "కొద్ది స్వరాలు, కొద్ది మాటలే అందమైతే, 'జగదేకవీరుని కథ'లోని శివశంకరి మాటేమిటి?" అని పాఠకులు మమ్ము నిలదీయవచ్చును. న్యాయమైన ప్రశ్నే. 1961లో పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో ఘంటసాల పాడిన ఆ పాట పొదుపుకు చిరునామా కాదు. స్వరకల్పనలు, జతులు, మెరుపు వేగంతో వచ్చే సంగతులు - సమస్తమూ అందులో ఉన్నాయి. అయినా ఒకసారి జాగ్రత్తగా వినవలసిందని మా మనవి. ఆ పాట రాగం దర్బారీ కానడ. తాన్‌సేన్ అక్బరు కొలువులో పాడినదిగా సంప్రదాయం చెప్పుకొనే రాగం. దాని ప్రాణమంతా ఒక్క గాంధారంలో ఉన్నది. ఆ గాంధారాన్ని నిటారుగా నిలబెట్టరు. ఊయలను ఊపినట్లు మెల్లగా ఊపుతారు. ఘంటసాల ఎంత వేగంగా ఎంత దూరం వెళ్లినా, తిరిగి వచ్చి ఆ ఊయల దగ్గర నిదానిస్తారు. ఆ నిదానం లేకపోతే ఆ వేగమంతా కసరత్తుగా మిగిలి ఉండేది. కాబట్టి అందం స్వరాల లెక్కలో లేదు. ఎంత తిరిగినా తిరిగి రావడానికి ఒక చోటు ఉండడంలో ఉన్నది.

ఆ చోటు సంగతి మరికొంత చెప్పుకోవాలంటే ఒక హిందీ పాట దగ్గరకు పోవాలి. ఉత్తరాది యూనిట్లలో పనిచేసిన మన మిత్రులకు అది కొత్తది కాదు. 1952 నాటి 'బైజూ బావ్‌రా' చిత్రంలో మహమ్మద్ రఫీ పాడిన హరి భజన అది. రాసినది షకీల్ బదాయూనీ, స్వరపరచినది నౌషాద్. ముగ్గురు ముస్లిం కళాకారులు కలిసి హరి దర్శనం కోసం తపించిన ఆ పాటను దేశమంతా తన పూజగదిలో నిలుపుకొన్నది. దాని రాగం మాల్కౌంస్. ఇదే స్వరాలను మన కర్ణాటక సంగీతంలో హిందోళం అంటారు. త్యాగరాజస్వామి 'సామజవరగమన' ఈ రాగంలోనిదే. మోహనం లాగా దీనికి కూడా అయిదే స్వరాలు. కాని మోహనం ఆరుబయటి వెన్నెల అయితే, ఇది గర్భగుడిలోని దీపపు వెలుగు. ఆ ప్రసన్నత వేరు, ఈ ఆర్తి వేరు.

ఇంట్లో హార్మోనియం గాని, పిల్లలు ఆడుకొనే చిన్న కీబోర్డు గాని ఉన్నవారు ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చును. నల్లమెట్లు రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటి మెట్టును షడ్జమంగా పెట్టుకొని, తెల్లమెట్లను తాకకుండా నల్లమెట్ల మీదనే వరుసగా పైకి వెళ్లండి. మోహన రాగపు స్వరాలు పలుకుతాయి. పడవ పాట ఛాయ వెంటనే చెవికి తగులుతుంది. ఇప్పుడు అదే గుంపులోని మూడవ మెట్టును షడ్జమం చేసుకొని, తిరిగి అవే నల్లమెట్ల మీద పైకి వెళ్లండి. ఈసారి పలికేది హిందోళం! ఒక్క మెట్టు కూడా మారలేదు. కొత్తది చేరలేదు, పాతది పోలేదు. మారినదల్లా ఎక్కడ నుంచి బయలుదేరి ఎక్కడకు తిరిగి వస్తున్నామన్నది మాత్రమే. దీనినే విద్వాంసులు గ్రహభేదం అంటారు. స్వరాలు దొరికినంత మాత్రాన రాగం దొరకదు. దానికి గమకం, నడక కావాలి. అయినా ఈ ప్రయోగం ఒక గొప్ప సత్యాన్ని మన చేతివేళ్లకు తెలియజేస్తుంది. పాట స్వభావాన్ని నిర్ణయించేది దాని ఆధార షడ్జమమే.

బదిలీ ఉద్యోగాలు చేసే మనవంటివారికి ఈ సత్యం పాటతో ఆగిపోదు. ఒక ఊరినుంచి మరొక ఊరికి సామాను కట్టుకొని పోతూనే ఉంటాము. కొత్త చోట కూడా అదే క్వార్టరు, అదే క్యాంటీను, అదే సైరను. మెట్లన్నీ అవే. అయినా ఒక ఇంటిలో మోహనం పలుకుతుంది, మరొక ఇంటిలో హిందోళం పలుకుతుంది. ఎవరి షడ్జమం ఎక్కడ ఉన్నదో దానిని బట్టి వారి బ్రతుకు పాట ఉంటుంది. మరి టౌన్‌షిప్పులో పుట్టి, ఇంట తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగే మన పిల్లలకు ఆ షడ్జమాన్ని ఎవరు ఇస్తారు?

మా సమాధానం ఒక్కటే. దానిని జోలపాట ఇస్తుంది. మేము ఇంతవరకు పేర్కొన్న పాటలన్నిటికంటె అది మాకు ప్రియమైనది. మూడు నాలుగు స్వరాలు చాలు, తంబుర లేదు, తాళానికి ఊయల గొలుసు చప్పుడే ఆధారం. పొదుపులో దానిని మించిన పాట లేదు. ఒకే వరస మళ్లీ మళ్లీ వస్తుంది, రావాలి కూడా. కొత్తదనం చూపిస్తే బిడ్డ నిద్రపోదు! ఎంత దూరం పోయినా పాట తిరిగి వస్తుందన్న నమ్మకమే ఆ బిడ్డ కన్ను మూయిస్తుంది. తిరుగలి పాటలు, దంపుళ్ల పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు - ఇవన్నీ ఆ కుటుంబానికి చెందినవే. తిరుగలి, రోలు మూలపడగానే వాటిని ఆశ్రయించుకొన్న పాటలు కూడా మూలపడ్డాయి. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటి పెద్దలు శ్రమించి జానపద గేయాలను సేకరించి గ్రంథస్థం చేయబట్టి ఎన్నో పాటల మాటలు మనకు మిగిలాయి. కాని వరస అచ్చులో దొరకదు. అది గొంతునుంచి చెవికి మాత్రమే దిగుతుంది.

మా సహోద్యోగి ఒకరి ఇంట జరిగిన సంగతి ఇక్కడ చెప్పడం అప్రస్తుతం కాదు. వారి తల్లిగారు మంగళహారతులు పాడడంలో పేరుపొందిన ఇల్లాలు. ఆమె స్వర్గస్థులైన తరువాత, పిల్లలకు ఆ పాట వినిపించాలని వారు తమ పెళ్లి వీడియో వెతికి తీశారు. నాలుగు గంటల వీడియో అది. హారతి పళ్లెం పట్టుకొని ఆమె పాడుతున్న దృశ్యం అందులో ఉన్నది. పెదవులు కదులుతున్నాయి, కళ్లు సగం మూసుకొని ఉన్నాయి. వినిపించినది మాత్రం వీడియో తీసినవారు దాని మీద అతికించిన సినిమా పాట! అది మంచి పాటే, నలుగురూ మెచ్చినదే. ఎక్కడైనా, ఎప్పుడైనా దొరికే పాట. దాని కింద పడి మరుగైపోయిన పాట మరి ఎక్కడా దొరకదు. మా మిత్రుడు ఆ దృశ్యాన్ని శబ్దం ఆపివేసి, పెదవుల కదలికను బట్టి మాటలు పోల్చుకోవడానికి ప్రయత్నించారు. మొదటి రెండు పాదాలు దొరికాయి. తరువాతవి దొరకలేదు.

ఘంటసాల 1974లో కన్నుమూశారు. అయినా ఆయన గొంతు నేటికీ మన ఇళ్లలో పలుకుతూనే ఉన్నది. రికార్డు ఆ గొంతును భద్రపరచింది. మన అమ్మల, అమ్మమ్మల పాటలకు ఆ భాగ్యం లేకపోయింది. ఒకనాడు రికార్డింగ్ అన్నది మద్రాసు స్టూడియోలలోనో, రేడియో స్టేషన్లలోనో మాత్రమే సాధ్యమయ్యే పని. ఇప్పుడు ప్రతివారి జేబులోని ఫోను ఆ పని చేస్తుంది. వేలాది పాటలు అందులో నింపుకొంటున్నాము. ఇంటి పాట ఒక్కటి నింపుకోవడం మరచిపోతున్నాము.

కనుక పాఠక మిత్రులకు, ముఖ్యంగా వారి పిల్లలకు, ఈ మాసం ఒక చిన్న పని అప్పగిస్తున్నాము. పండుగకు ఊరు వెళ్లినప్పుడు గాని, పెద్దవారు మీ వద్దకు వచ్చినప్పుడు గాని, ఒక మధ్యాహ్నం వేళ టీవీ, ఫ్యాను ఆపివేసి వారి పక్కన కూర్చోండి. "నా గొంతేం బాగుంటుందిరా" అంటారు. ఆ మాటను పట్టించుకోకండి. సాంతం పాడనివ్వండి, నడుమ ఆగినా, దగ్గు వచ్చినా, మాట మరచి వెతుక్కొన్నా ఆపకండి. పాట ఎవరి వద్ద నేర్చారో, ఏ సందర్భంలో పాడేవారో కూడా అడిగి, అదే రికార్డులో చెప్పించండి. మాటలను కాగితం మీద వ్రాసి, ఊరి పేరు జతచేసి ఈ శీర్షికకు పంపితే సంతోషంగా ప్రచురిస్తాము. దాని మీద వేరొక సంగీతం మాత్రం దయచేసి అతికించకండి.