మూతపడే కంపెనీ, మూసిపెట్టిన కోడ్



నష్టాల్లో కూరుకుపోయిన కంపెనీ తన ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ కోడ్‌ను జనం ముందు పెట్టాలా అనే చర్చ వచ్చినప్పుడల్లా ఒకటే అభ్యంతరం. మిగిలిన ఆస్తి అదొక్కటే, దాన్నీ పంచేస్తే అప్పులవాళ్లకు ఏం చూపిస్తారు? వినడానికి సబబుగానే ఉంటుంది. అమెరికాలోని బీ కంపెనీ కథ తెలిస్తే ఆ ఆస్తి ఏపాటిదో అర్థమవుతుంది.

పాటలు, వీడియోలు తడబడకుండా ఆడించడంలో ఆ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ బీఓఎస్‌కు 1990ల చివర్లో మంచి పేరుండేది. 2001లో కంపెనీ చేతులెత్తేసి, తన సాఫ్ట్‌వేర్ హక్కుల్ని పామ్ అనే కంపెనీకి సుమారు 1.1 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. కోడ్ బీరువాలోకి వెళ్లింది. అభిమానులు అదే ఏడాది దాన్ని సున్నా నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టారు. తరవాత హైకూ అని పేరు పెట్టుకున్న ఆ సిస్టమ్ మొదటి బీటా వచ్చేసరికి 2018. పదిహేడేళ్లు! కంపెనీ బతికున్న రోజుల్లోనే తెరిచిన ట్రాకర్ అనే ఫైల్ మేనేజర్ మాత్రం వాళ్లకు దాదాపు సిద్ధంగా దొరికింది. మిగతాదీ అలాగే తెరిచి ఉంటే ఇన్నేళ్ల చాకిరీ ఉండేదా?

సన్ మైక్రోసిస్టమ్స్ ఇంకో దారి పట్టింది. డాట్‌కామ్ బుడగ పేలాక సర్వర్ల అమ్మకాలు పడిపోయి, లైనక్స్ కిందినుంచి తరుముకొస్తున్న రోజులవి. 2005 జనవరిలో డీట్రేస్ అనే పరిశీలన సాధనం కోడ్‌ను, జూన్‌లో తన ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్‌లో అధిక భాగాన్ని బయటపెట్టింది. అది సన్‌ను కాపాడలేదు. 2010 జనవరిలో ఒరాకిల్ 740 కోట్ల డాలర్ల ఒప్పందంతో కంపెనీని సొంతం చేసుకుని, ఆ ఏడాదే సొలారిస్ కోడ్‌కు తలుపులు మూసేసింది. కానీ అప్పటికే బయటికెళ్లిన కోడ్‌ను ఎవరు వెనక్కి తేగలరు? దాన్ని పట్టుకునే 2010 ఆగస్టులో ఇల్యూమోస్ అనే ప్రాజెక్టు పుట్టింది. సొలారిస్‌లోని జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి, డీట్రేస్ ఆపిల్ మ్యాక్‌లోకి అంతకుముందే చేరిపోయాయి. 2017లో ఒరాకిల్ సొలారిస్ ఇంజనీర్లను పెద్ద ఎత్తున ఇంటికి పంపినా ఆ పనితనం వాళ్లతో పోలేదు.

సన్ చేసిందంతా ఒప్పని కాదు. ఎంచుకున్న సీడీడీఎల్ లైసెన్స్ లైనక్స్ వాడే జీపీఎల్ లైసెన్స్‌తో పొసగదు. అందుకే జెడ్‌ఎఫ్‌ఎస్ నేటికీ లైనక్స్ కెర్నల్ ప్రధాన కోడ్‌లో చేరలేదు. పైగా ఇతరుల హక్కులున్న కొన్ని ముక్కలను సన్ తెరవలేకపోయింది, ఇల్యూమోస్ వాళ్లు వాటిని మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఎవరి కోడ్ ఎక్కడుందో లెక్క తీయడం లాయర్లు, పాత ఇంజనీర్లు కలిసి చేయాల్సిన పని. జీతాలు ఆగిపోయాక అది ఎవరు చేస్తారు?

కాబట్టి ఈ పాఠకుడి వాదన ఇది: తెరవాలి, జీతాలు ఇవ్వగలిగిన రోజుల్లోనే తెరవాలి. కంపెనీ గట్టెక్కుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు.

ఆలస్యమైతే ఏమవుతుందో నోకియాను చూస్తే చాలు. మన దగ్గర 6600 ఫోన్ చేతిలో ఉంటే అదో దర్జా అనుకున్న కాలంలో, అందులో నడిచిన ఆపరేటింగ్ సిస్టమ్ సింబియనే. దాన్ని పూర్తిగా తెరిచింది 2010 ఫిబ్రవరిలో. ఐఫోన్ వచ్చి మూడేళ్లవుతోంది, ఆండ్రాయిడ్ అప్పటికే ఉచితంగా దొరుకుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. శామ్‌సంగ్, సోనీ ఎరిక్సన్ ఆ ఏడాదే సింబియన్ నుంచి తప్పుకున్నాయి. కోడ్ ఉంచిన వెబ్‌సైట్‌ను, దాని బాధ్యత చూసిన సింబియన్ ఫౌండేషన్ డిసెంబర్‌లో మూసేసింది, తెరిచి ఏడాదైనా తిరగకుండానే.

ఇట్లు,
ఒక పాఠకుడు