సంకరమను నింద

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమున పదవ తరగతి చదువు బాలిక యొకతె పాట పాడినది. ఆమె ఆఱేండ్లుగా కర్ణాటక సంగీతమును శ్రద్ధతో నేర్చినది. శ్రుతి చెదరదు, గమకము తడబడదు. ఆనాడు తోటి విద్యార్థి యొకడు గిటారు పట్టగా, మఱియొకడు కాంగా యను క్యూబా దేశపు మద్దెల వాయింపగా, తెలుగు మాటలతోడి పాటను జాజ్ ఫణితిలో పాడి, నడుమ కల్పనస్వరములను గూడ ఒప్పుగా చేర్చినది. పిల్లలు హర్షధ్వానములు చేసిరి. ఆమె తండ్రి ఉస్మాన్‌గంజ్‌లో టోకు వర్తకుడు. చదువరి, మూఢాచారములను గర్హించువాడు, కుమారునికి కట్నము పుచ్చుకొననని నలుగురిలో ప్రతిజ్ఞ చేసినవాడు. సభ ముగిసిన పిమ్మట ఆయన మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, అమ్మాయికి సంగీతం చెప్పించమని మీరే అన్నారు. చెప్పించాను. ఈ సంకరపు పాట కోసమేనా అండీ?" అని యడిగెను. మేము బదులు పలుకలేదు. మఱుసటి నెలనుండి ఆ బాలిక సంగీతపు పాఠము నిలిచిపోయినది.

ఆనాడు మా నోటికి రాని సమాధానమును ఇప్పుడు వ్రాయుచున్నాము. ఇది ఒక్క తండ్రికి చెప్పవలసినది కాదు. సంఘసంస్కారమున ముందడుగు వేసితిమని తలచు మన కుటుంబములలో, పెండ్లి విషయమున, భోజనపంక్తి విషయమున విడిచిపెట్టిన శంకను పాట విషయమున పదిలపఱచుకొన్నవారు పెక్కురు. వారితోడనే మా వాదము.

మొదట ఆ మాట సంగతి విచారింతము. సంకరమను శబ్దము లోకవ్యవహారమున నిందగా నిలుచుటకు వర్ణసంకరమను పాతభయమే కారణము. కులాంతరవివాహము చేసికొన్న దంపతులను ఎవరైన ఆ మాటతో దూషించినచో మన పాఠకులు సహింపరు. అట్లు వివాహమంటపమునుండి వెడలగొట్టబడిన మాట సంగీతసభలో చేరి, శాస్త్రమను శాలువ కప్పుకొని, మొదటి వరుసలో కూర్చున్నది. మనము లేచి నమస్కరించుచున్నాము.

నిజమునకు శాస్త్రమేమనుచున్నది? రెండలంకారము లొకచోట చేరి, నువ్వులు బియ్యము కలిపినట్లు వేర్వేఱుగా కనబడినచో మన యాలంకారికులు సంసృష్టి యనిరి. పాలు నీరు కలిసినట్లు విడదీయరాకుండ కూడినచో సంకరమనిరి. ఈ రెండింటిని వారు అలంకారములలోనే లెక్కించిరి గాని కావ్యదోషములలో చేర్చలేదు. కావ్యమునకు శోభ యైనది గానమునకు కళంక మెట్లగును? సంస్కృతము చదివితి మనువారే ఈ ప్రశ్నకు ముందుగా బదులు చెప్పవలెను.

ఇక ఉస్మాన్‌గంజ్‌నే చూడుడు. ఉస్మాన్ అనునది నిజాము పేరిటి యరబ్బీ నామము. గంజ్ అనునది పారసీకము. అచ్చటి దలాలు, హమాలీ యను మాటలు అరబ్బీనుండి వచ్చినవి. బస్తాలలోని మిరపకాయ పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలలో అమెరికా ఖండమునుండి మన దేశమునకు దిగినది. నేడు మిరపపొడి లేని ఆవకాయను ఊహింపగల తెలుగు గృహిణి కలదా? ఆ కారమును ఎవరును సంకరమని విస్తరినుండి త్రోసివేయలేదు. న్యూ ఆర్లియన్సు నగరపు పియానో విద్వాంసుడు జెల్లీ రోల్ మోర్టన్ 1938లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారి యెదుట తన గాథను రికార్డు చేయించుచు, స్పానిష్ ఛాయ కొంచెము పడనిదే జాజ్‌కు తగిన రుచి రాదని చెప్పెను. ఆయనయు వంటింటి ఉపమానమునే పట్టుకొనెను. గంజ్‌లో వ్యాపారము చేయువారికి ఇది సులభముగా బోధపడవలసిన మాట.

ఆ ఛాయ యేమి? ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడిన ప్రజలు క్యూబాలో నిలుపుకొన్న లయసంపదయే దానికి మూలము. అచ్చటి పాటకు వెన్నెముక వంటిది క్లావే యను దరువు. రెండు కఱ్ఱముక్కలను తాకించి, పదునాఱు మాత్రల యావృత్తములో అయిదు దెబ్బలు వేయుదురు. వాని నడుమ దూరములు వరుసగా మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. దీనిని మన మృదంగపు జతులలో చెప్పినచో తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి యగును. మొత్తము పదునాఱు. ఆదితాళపు ఎనిమిది క్రియలకు క్రియకు రెండు మాత్రల చొప్పున లెక్కించిన చక్కగా సరిపోవును. ఏ గురువునొద్ద రెండేండ్లు మృదంగము నేర్చిన బాలుడైనను దీనిని చేతితో వేసి చూపగలడు. మనవారు ఏవగించుకొను పరదేశపు దరువు మన లెక్కకు ఇంత దగ్గఱిది! మన మృదంగవిద్వాంసుడును, ఆ క్యూబా వాద్యకారుడును ఒకరినొకరు ఎఱుగకయే ఒకే గణితమున ఆనందము కనుగొనిరి.

ఈ లయ జాజ్‌తో కలిసిన విధము చరిత్ర కెక్కినది. 1943లో న్యూయార్కున మచీటో వాద్యబృందము టాంగా యను రచనను వాయించినది. 1947లో డిజీ గిలెస్పీ, క్యూబానుండి వచ్చిన మద్దెలకాడు చానో పోజోతో కూడి మాంటెకా యను రచనను రికార్డు చేసెను. పిమ్మట బ్రెజిల్ దేశపు సాంబా దరువు మెత్తబడి జాజ్ స్వరసంపుటులతో కలియగా బోసా నోవా పుట్టినది. స్టాన్ గెట్జ్ శాక్సఫోనును, జోవావ్ గిల్బెర్టో, ఆస్ట్రూద్ గిల్బెర్టోల గానమును కూర్చిన ఆల్బము 1964లో వెలువడి లోకమంతట మ్రోగినది. మన దేశమును దీనికి దూరముగా లేదు. బొంబాయి హోటళ్లలో 1930ల నుండియే జాజ్ వినబడినది. గోవా వాద్యకారులు దానిని నేర్చి సినిమా వాద్యబృందములలో ప్రవేశపెట్టిరి. సి. రామచంద్ర 1951లో అల్బేలా చిత్రమునకు కూర్చిన పాటలలో లాటిన్ దరువు స్పష్టముగా నున్నది. బొంబాయి బిడ్డ ఆశా పుత్లీ 1971లో ఆర్నెట్ కోల్మన్ రికార్డునకు పాడి జాజ్ గాయనిగా పేరొందినది.

"అది బొంబాయి సంగతి, మన తెలుగువారి కేల?" యందురేమో. మాండలిన్ శ్రీనివాస్‌ను మఱచితిరా? ఆయన 1969లో పాలకొల్లున జన్మించెను. మాండలిన్ ఇటలీ దేశపు వాద్యము. ఆయన చేతిలోనిది విద్యుత్తుతో మ్రోగునది. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు ఆ వాద్యమును ఎఱుగరు. ఆయన పాడుచుండగా బాలుడు తంత్రులపై పలికించి నేర్చెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున ఆ బాలుడు కర్ణాటక సంగీతమునే వినిపించెను. తరువాత జాన్ మెక్లాఫ్లిన్, జాకీర్ హుస్సేనుల రిమెంబర్ శక్తి బృందమున చేరి దేశదేశములు తిరిగెను. 2001లో ఆ బృందము వెలువరించిన ఆల్బములో ఆయన మాండలిన్‌తోపాటు శంకర్ మహదేవన్ గాత్రమును వినవచ్చును. 2014లో ఆయన అకాలమరణము చెందినపుడు కన్నీరు కార్చిన విద్వాంసులలో ఎవరును ఆయనను సంకరుడనలేదు. కీర్తి వచ్చిన పిమ్మట సంకరము సంగమమగును గాబోలు! కీర్తి యింకను రాని బాలిక విషయముననే మన శాస్త్రనిష్ఠ మేల్కొనును.

పూర్వులను సాక్ష్యమునకు పిలువుడు. ఫిడేలు యూరపునుండి వచ్చినది. బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి మన సంగీతమునకు అలవఱచెను; ద్వారం వేంకటస్వామి నాయుడుగారు దానిని తెలుగువారి కీర్తిధ్వజముగా ఎత్తిరి. బాలుస్వామి అన్నగారైన ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషువారి బ్యాండు మెట్లను విని, వానికి సంస్కృతసాహిత్యము కూర్చెను. నోటుస్వరములని మనము పిల్లలకు నేర్పునవి అవియే. త్రిమూర్తులలో నొకరు చేసినది పుణ్యమైనచో పదవ తరగతి బాలిక చేసినది పాప మెట్లయ్యెను? ఇక వెలివేతల ఫలితము చూడుడు. 1940లో ఆలిండియా రేడియోవారు హార్మోనియమును పరదేశవాద్యమని బహిష్కరించిరి. 1971 వఱకు ఆ బహిష్కారము సాగెను. అంతకాలము ఫిడేలు మాత్రము అదే రేడియోలో నిరాఘాటముగా పలికినది. హార్మోనియపు మెట్లపై గమకము పలుకదను ఆక్షేపణము యుక్తమైనదే. అది వాద్యపు హద్దును తెలుపును గాని వెలివేతకు చాలదు. నాటకసమాజములయందు, భజనమందిరములయందు అది మ్రోగుచునే యుండెను.

మఱికొందఱు వేఱొక మాట యందురు: జాజ్ నీచస్థలములలో పుట్టినది, గృహస్థుల బిడ్డలకు తగదని. న్యూ ఆర్లియన్సులో స్టోరీవిల్ అను వేశ్యావాటిక యుండుట, అచ్చటి యిండ్లలో జెల్లీ రోల్ మోర్టన్ వంటివారు పియానో వాయించుట, 1917లో దానిని మూయించుట సత్యములే. కాని ఆ పాట శవయాత్రల బ్యాండులలోను, చర్చిగీతములలోను, కూలిజనుల వేదనలోను గూడ పెరిగినది. అంతకన్న ముఖ్యముగా, ఈ యాక్షేపణము మన నోట రాదగినదా? మన పదములను, జావళులను కాపాడిన దెవరు? కళావంతుల యిండ్లలోని స్త్రీలు కాదా?

ఇచ్చట మన సంస్కర్తల తప్పును మనమే ఒప్పుకొనవలెను. వీరేశలింగము పంతులుగారియందు మాకు భక్తి గలదు. మేజువాణీలను వారు ఖండించుట, స్త్రీలను ఆ దుఃస్థితినుండి తప్పింపవలెననుట న్యాయమే. కాని వృత్తిని ఖండించు వేడిలో మనవారు విద్యనుగూడ వెలివేసిరి. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును పంతులుగారే నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దానిని పరిష్కరించి ప్రకటింపగా ప్రభుత్వము నిషేధించెను. ఆ నాగరత్నమ్మగారే తన సొమ్ము వెచ్చించి తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించిరి. ఆ కాలమున అచ్చటి యారాధనలో స్త్రీలు పాడుటకు వీలులేకుండెను. 1947లో మద్రాసు శాసనము దేవదాసీ పద్ధతిని మాన్పినది. అది మేలే. అయినను ఆ స్త్రీల చేతినుండి జాఱిన విద్యకు మనము కొత్త యజమానులమై, దాని జన్మస్థానమును మఱచి, ఇప్పుడు మఱియొక దేశపు పీడితుల పాటకు జన్మస్థానమును వెదకి నిందించుచున్నాము. నూఱేండ్ల క్రిందట గృహస్థుల బిడ్డ సభలో కృతి పాడినను ఇట్టి నిందయే వచ్చియుండెడిది. ఆ గోడ కూలినందుననే ఉస్మాన్‌గంజ్ వర్తకుని కుమార్తె పాట నేర్చినది.

ఇట్టి వాదములలో తప్పక శంకరాభరణము చిత్రము పేరు వచ్చును. 1980లో విడుదలయైన ఆ చిత్రమున శంకరశాస్త్రి అర్ధరాత్రివేళ పాశ్చాత్యపు పాట పాడు యువకులను తన గానముతో ఓడించు ఘట్టము మన యిండ్లలో అందఱికిని కంఠస్థము. కాని ఆ చిత్రపు ప్రాణము అది కాదు. వేశ్యాగృహమున పుట్టిన తులసికి ఆశ్రయమిచ్చినందులకు లోకము శాస్త్రిని వెలివేసినది. తుదకు ఆ తులసి కుమారుడే ఆయన విద్యకు వారసుడయ్యెను. విశ్వనాథుగారు చెప్పిన యీ మాటను వదలి, గిటారు పిల్లల పరాభవమునే పట్టుకొంటిమి. శాస్త్రికి గాత్రమిచ్చిన బాలసుబ్రహ్మణ్యముగారు గురుముఖమున శాస్త్రీయసంగీతము నేర్చినవారు కారు. శంకరాభరణ రాగపు స్వరములు పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరములతో సరిపోలును. ఆ పేరే మీకు సాక్ష్య మీయలేదు.

అయినను మేము ప్రతి కలయికను మెచ్చుకొనువారము కాము. నేడు ఫ్యూజన్ అను పేరిట అమ్మబడు సరకులో తాలు హెచ్చు. నాలుగు స్వరముల రాగచ్ఛాయను తీసి, క్రింద మాఱని తీగల మ్రోత పఱచి, పైన యంత్రపు దరువు గ్రుద్దించి, విశ్వసంగీతమని చీటీ అంటింతురు. అది సంకరమును గాదు, సంసృష్టియు గాదు. నువ్వులలో ఇసుక కలుపుట. జాజ్‌లో స్వరసంపుటులు కదలును. మన రాగము ఒక్క ఆధారషడ్జముపై నిలుచును. ఈ రెండు ధర్మములను పొత్తుపఱచుట కష్టము. ఆ కష్టమును పడనివాడు కళాకారుడు కాడు. మెక్లాఫ్లిన్ వీణ నేర్చి, గమకము పలుకుటకై తన గిటారు మెట్ల నడుమ కొయ్యను తొలిపించెను. శక్తి బృందపు తొలి ఆల్బము 1976లో వచ్చినది. దాని వెనుక ఆ సాధన యున్నది. 2023లో వచ్చిన దిస్ మొమెంట్ అను ఆల్బమునకు మఱుసటి సంవత్సరము గ్రామీ బహుమానము లభించినది. దానివెనుక ఏబదియేండ్ల కృషి యున్నది.

కావున మిశ్రమగానమును పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. కలిసిన యిరువురును తమ తమ విద్యలను ఎఱుగుదురా? ఒకరికొఱకు మఱియొకరు తమ పద్ధతిని కొంతైన సవరించుకొనిరా? కలిసినందువలన, విడిగా వినరాని దేదైన వినబడుచున్నదా? ఈ మూడింటికిని అవునన్నచో నెత్తిన పెట్టుకొనుడు, కాదన్నచో త్రోసివేయుడు. పుట్టినచోటు, జాతి, దేశము అడుగవలదు. మనుష్యుల విషయమున మనము పెట్టుకొన్న నియమమే గదా యిది.

తల్లిదండ్రులకు మా విన్నపము స్వల్పము. సంగీతపాఠమును మాన్పించుటకు ముందు ఒక సాయంకాలము బిడ్డతో కూర్చుండి ఆమె వినుచున్న దానిని మీరును వినుడు. ఆమె చేతనే ఆ పదునాఱు మాత్రల దరువు వేయించుకొనుడు. మన గ్రంథాలయములును పాఠశాలలును నెలకొక్క పూట యిట్టి శ్రవణగోష్ఠి జరుపవచ్చును. దానికి కావలసినది ఒక యంత్రము, పది కుర్చీలు, కొంత యోపిక.

ఆ తండ్రిని మేము కలిసికొనబోవుచున్నాము. ఆయన మంచివాడు; తర్కమునకు లోబడువాడు. కట్నము కూడదని ప్రతిజ్ఞ చేసినవానిని, పాటకు కులము లేదని యొప్పింపలేకపోయినచో లోపము మాదే యగును. బాలిక యీ యేడు కాలేజీలో చేరినది. పాట నిలిచి సంవత్సరము కావచ్చినది. గొంతుక సాధన లేక యెక్కువ కాలము వేచియుండదు.