ట్రినిటీ చూడబోయే తెలుగువారికి విజ్ఞప్తి



‘ఓపెన్‌హైమర్’ సినిమా చూశాక న్యూమెక్సికోలోని ట్రినిటీ అణుపరీక్ష స్థలానికి వెళ్లాలని అమెరికాలోని మనవాళ్లలోనూ కొందరికి ఉంటుంది. సైన్యం ఏడాదిలో ఒకటి రెండు రోజులే అక్కడి గేటు తెరుస్తుంది. తప్పక వెళ్లండి. గంటసేపు తిరిగినంత మాత్రాన రేడియేషన్‌కు భయపడాల్సిన పని లేదు. కానీ అక్కడ రాసిపెట్టని సగం కథ కూడా తెలుసుకుని వెళ్లండి.

1945 జూలై 16 తెల్లవారుజామున 5:29కి, వంద అడుగుల ఉక్కు టవర్ మీద ప్లుటోనియం బాంబును పేల్చారు. ఇప్పుడు ఆ చోట నల్లటి లావారాళ్ల స్తంభం ఉంది. ప్రపంచపు తొలి అణు పేలుడు ఇక్కడే జరిగిందని దాని పలక చెబుతుంది. చుట్టుపక్కల మనుషుల ఊసు అందులో లేదు.

ఆ మనుషులను ముందు హెచ్చరించలేదు, తర్వాత ఖాళీ చేయించలేదు. మందుగుండు గోదాము పేలిందని అబద్ధం చెప్పారు. బూడిద ఇళ్ల కప్పుల మీద, తోటల మీద రాలింది. పశువుల వీపుల మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి. కప్పుల మీంచి పట్టిన వాననీళ్లే తాగిన కుటుంబాలవి. 1990 నాటి పరిహార చట్టం నెవాడా అణుపరీక్షల బాధితులను గుర్తించింది, ట్రినిటీ గాలివాటు ఊళ్లను వదిలేసింది. ఆ ఊళ్లున్న టులరోసా ప్రాంతం వాళ్లు 2005లో సంఘం కట్టి పోరాడితే, 2025 జూలైలో గానీ వారికి చట్టంలో చోటు దక్కలేదు. అప్పటికి ఎందరో పోయారు.

ఊరివాళ్లను అడక్కుండా వాళ్ల గాలినీ నీటినీ పణంగా పెట్టడమంటే ఏమిటో మనకు తెలుసు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని గొంతెత్తినవాళ్లం మనం. అందుకే అడుగుతున్నాం:

• స్తంభం పక్కనే గాలివాటు ఊళ్ల కథ చెప్పే శాశ్వత ఫలకం పెట్టాలని సైన్యానికి, మీ కాంగ్రెస్ సభ్యులకు రాయండి.

• గేటు దగ్గర ప్లకార్డులు పట్టుకున్న బాధితులు కనిపిస్తే కారు ఆపి మాట్లాడండి. టులరోసా, కారిజోజో ఊళ్లకూ వెళ్లండి.

• నేల మీద కనిపించే, ట్రినిటైట్ అనే పచ్చటి గాజుపెంకులను జేబులో వేసుకోకండి. అది నేరం.

• అర్హులైన కుటుంబాలు ఎదురైతే, పరిహారం దరఖాస్తుకు గడువు 2027 డిసెంబరు 31 అని చెప్పండి.

స్తంభం ముందు ఫోటో దిగితే దిగండి. ఆ బూడిద ఎవరి మీద పడిందో మాత్రం మీ పిల్లలకు చెప్పకుండా అక్కడి నుంచి కదలకండి.